మాంసపుటంగళ్ళు - పురపాలకుల బాధ్యత

నల్లగండ్ల పేరు వినగానే నేడు మన పాఠకులకు స్ఫురించునది నూతన హైదరాబాదు. 1998లో మాదాపూరున హైటెక్ సిటీ వెలసిన పిమ్మట నగరము పడమటి దిక్కునకు పరుగులెత్తినది. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ప్రహరీగోడ చెంతను, చెఱువునకును చేలకును నడుమ నున్న చిన్న పల్లె నేడు అంతస్తులమీద అంతస్తులు లేచిన భవనములతోడను, దేశదేశముల సంస్థలకు కొలువు చేయు విద్యావంతులతోడను నిండియున్నది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము తక్కిన పదునొకండు సంఘములతో గలసి మహానగర పాలక సంస్థలో లీనమైనపుడు ఈ సీమయంతయు నగరపు హక్కులకును, నగరపు పన్నులకును లోనైనది. పన్నులు వచ్చినవి, భవనములు వచ్చినవి, నగరమునకు ఆవశ్యకమైన యొక వ్యవస్థ మాత్రము వానివెంట రాలేదు. ఇచ్చటి ప్రజలు తిను మాంసము ఎచ్చట కోయబడుచున్నది, ఎవరు పరీక్షించుచున్నారు, ఏ చేతులు దానిని తాకుచున్నవి, ఏ నీరు దానిని కడుగుచున్నది అను ప్రశ్నలకు నిలిచి సమాధానము చెప్పువా రెవరును కానరాకున్నారు.

మాంసాహారము యుక్తమా, అయుక్తమా యను ధర్మవిచారము వేఱు. దానికి వేఱు వేదికలు కలవు. ఇచ్చట మన ముందున్నది ప్రజారోగ్య విషయము. 2014లో కేంద్రప్రభుత్వము వారి జననమరణ నమూనా నమోదు వ్యవస్థ జరిపిన విచారణలో, తెలంగాణమున 15 ఏండ్లు దాటినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలినది. 2019 పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యలో దేశమునకెల్ల తెలంగాణమే ప్రథమముగా నిలిచినది. ఆ లెక్కకు మన గొఱ్ఱెలు సుమారు 1 కోటి 90 లక్షలు. 2017లో గొల్ల, కురుమ కుటుంబములకు నూటికి 75 పాళ్ళు రాయితీమీద 20 గొఱ్ఱెలను, ఒక పొట్టేలును ఇచ్చు పథకము ఆరంభమైనది. పెంచుటకు పథకము వచ్చినది. తినుటకు జనము కలరు. పెంపకమునకును పళ్ళెమునకును నడుమనున్న కోత, అమ్మకము అను రెండు ఘట్టములను గుఱించి తలచువారే అరుదు. రోగము ప్రవేశించునది ఆ నడిమి త్రోవలోనే.

నల్లగండ్లలో గాని, లింగంపల్లిలో గాని, తెల్లాపూరు మార్గమున గాని, ఆ మాటకు నగరమున నే మూలనైనను గాని, ఆదివారపు టుదయమున తిరిగిచూచిన కనుపించు దృశ్యమొక్కటియే. వాహనముల ధూళికి ఎదురుగా కొక్కెములకు వ్రేలాడు మేకపోతుల, పొట్టేళ్ళ కళేబరములు. వానిపై ముసురు ఈగలు. ఏండ్ల తరబడి కత్తివ్రేటులకు పగిలి, ఆ పగుళ్ళలో నిన్నటి నెత్తురును మొన్నటి క్రొవ్వును దాచుకొన్న కఱ్ఱమొద్దు. తెల్లవారినది మొదలు మధ్యాహ్నము వఱకు కత్తిని, చేతిని, త్రాసును, మొద్దును తుడుచు గుడ్డ ఒక్కటియే. కోడిమాంసపు దుకాణములలో నింకొక తీరు. ఇనుప పంజరములు వాకిటనే యుండును. కొనువాడు చూపిన కోడిని తీసి, తూచి, మెడకోసి డ్రమ్ములో పడవేయుదురు. అది కొట్టుకొనుట మానిన పిమ్మట వేడినీట ముంచి, ఈకలు తీయు యంత్రములో వేయుదురు. ఆ నీరు ఎన్ని కోళ్ళకు మార్చబడునో దుకాణదారుడే చెప్పవలెను. ప్రేవులు తీసిన చేతితోనే ముక్కలు కొట్టుట, ఆ చేతితోనే చిల్లర యిచ్చుట, ఆ చేతితోనే దూరవాణి యంత్రమును తాకుట జరుగుచునేయుండును. అన్ని దుకాణములు నిట్లే యున్నవని చెప్పుట అన్యాయము. పలకరాళ్ళు పఱచి, అద్దపు తలుపులు పెట్టి, శీతలపు పెట్టెలుంచి శ్రద్ధతో వ్యాపారము చేయువారు లేకపోలేదు. కాని అది యా దుకాణదారుని సద్బుద్ధిమీద ఆధారపడియున్నది గాని, నగరపు కట్టుబాటుమీద గాదు. ప్రజారోగ్యమును వ్యక్తుల సద్బుద్ధికి వదలుట పరిపాలన యనిపించుకొనదు.

కంటికి కనబడు మురికికంటె కనబడనిది ప్రమాదకరము. ఆరోగ్యముగానున్న జీవి కండలో సామాన్యముగా సూక్ష్మజీవు లుండవు. అవి యుండునది చర్మముమీద, ఈకలలో, గిట్టలలో, ముఖ్యముగా ప్రేవులలో. అచ్చటినుండి కండకు వానిని మోసికొనిపోవునవి కత్తి, చేయి, నీరు, మొద్దు, గుడ్డ. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్, ఇ-కోలీ మొదలగు పేర్లు గల ఈ జీవులు 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమనున్న ఉష్ణములో వేగముగా వృద్ధిపొందును. అనుకూల పరిస్థితులలో వానిలో కొన్ని 20 నిమిషముల కొక తూరి రెట్టింపగును. ఈ లెక్కను సాగించినచో ఒక్కటిగా నారంభమైనది ఏడు గంటలలో 20 లక్షలు దాటును. తెల్లవారుజామున కోసి, మధ్యాహ్నము వఱకు వేసవి గాలికి వ్రేలాడదీసిన మాంసమున ఏమి జరుగునో పాఠకులే యూహింపవచ్చును.

ఉడికించిన పిమ్మట సర్వము నశించును గదా యని గృహస్థులు ధైర్యము చెప్పుకొందురు. ఉడికిన కూరలో నశించునది నిజమే. కాని ఆ మాంసము పొయ్యి నెక్కుటకు ముందు సంచిని తాకును, కడుగు తొట్టిని తాకును, ఉల్లిపాయలు తఱుగు కత్తిపీటను తాకును, పసిబిడ్డ నెత్తుకొను చేతిని తాకును. కొన్ని సూక్ష్మజీవులు విడిచిన విషము వంటవేడిమికి సయితము లొంగదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని కోళ్ళఫారములలో పక్షిజ్వరము ప్రబలినది. ఆ మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేండ్ల పసిపాప ఆ వైరసు సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించినది. పచ్చి కోడిమాంసపు ముక్క ఆ బిడ్డకు తినిపింపబడినదని విచారణలో తల్లిదండ్రులు చెప్పినట్లు వార్తలు వచ్చినవి. వంటయింటి కాపుదల ఎంత పలుచనిదో తెలియుట కింతకంటె వేఱు నిదర్శనము వలదు. వంటయిల్లు కడపటి కోట. మొదటి కోటను కబేళాలోను, అంగడిలోను కట్టవలెను.

పూర్వము మన పల్లెలలో ఈ బెడద లేకుండెనా యని కొంద రడుగవచ్చును. ఉండెను, కాని దానికొక సహజమైన అడ్డు కలదు. పల్లెలో మేకనో, గొఱ్ఱెనో కోసినపుడు పది యిండ్లవారు పోగులు వేసికొనెడివారు. ఆ జీవమును నిన్నటిదాక ఎవరు మేపిరో, అది మేత మేసినదో, నెమరు వేసినదో, దగ్గినదో, కుంటినదో ఊరందఱకును తెలియును. కోసినది చెట్టుక్రింద అందఱ యెదుట. పోగు ఇల్లు చేరిన గంటలో కుండ పొయ్యిమీద నుండెను. జీవము పశువైద్యుని కంటబడకున్నను ఊరి కంటబడుచుండెను. ఈ యెఱుకలేని చోట పల్లెలలోను చేటు కలిగినది. విశాఖ మన్యమున చచ్చిన పశువుల మాంసము కోసి, వండి తిన్నవారికి దొమ్మరోగపు పుండ్లు లేచిన వార్తలను గత దశాబ్దమున మనము చదివితిమి. 2021లో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలమున ఆ రోగముతోనే గొఱ్ఱెలు చచ్చినవి.

నగరమున ఆ యెఱుక యొక్కటియు లేదు. నల్లగండ్లలోని కొనుగోలుదారుడు జీవమును చూడడు, మేపినవానిని ఎఱుగడు, కోసిన వేళ ఎఱుగడు. అతడు చూచునది ముక్క, ధర. చూడవలసినది చూచుట కతనికి మాఱుగా నొక కన్ను కావలెను. ఆ కన్నే పురపాలక సంస్థవారి పశువైద్యుడు. అతని చూపునకు గుఱుతు కళేబరముపై వేయు ముద్ర. పల్లె యెఱుక పోయి, నగరపు ముద్రయు లేకపోయినచో ప్రజలు రెంటికిని చెడినవారగుదురు. నేటి మన స్థితి ఇదియే.

ఇది పాశ్చాత్యులు నేర్పిన క్రొత్తపాఠమని తలచువారు కౌటిల్యుని అర్థశాస్త్రమును తెఱచి చూతురుగాక. రెండవ యధికరణమున సూనాధ్యక్షుడను ఉద్యోగి కొఱకు ఒక ప్రకరణమే కేటాయింపబడినది. అప్పుడే కోసిన మాంసమునే అమ్మవలెనని, ఎముకలతో నమ్మినచో ఆ బరువునకు సరియైన మాంసమును చేర్చి యియ్యవలెనని, తూకము తగ్గించినవాడు తగ్గినదానికి ఎనిమిది రెట్లు ఇచ్చుకొనవలెనని అందు విధింపబడినది. వధశాలకు వెలుపల కోసినది, తల, కాళ్ళు తీసివేసి ఏ జంతువుదో గుఱుతు తెలియకుండ చేసినది, దుర్గంధము కొట్టునది, తనంత చచ్చిన జంతువుది అమ్మినవానికి 12 పణముల దండన. తల, కాళ్ళు ఉండవలెనను నిబంధనలోని వివేకము గమనింపదగినది. కొనువాని కళ్ళు గప్పి ఒక మాంసమును మఱియొకటిగా అమ్ము మోసమునకది విఱుగుడు. నేడు చెంగిచర్లలోని ప్రయోగశాలలో వంశాణు పరీక్షచే తేల్చు విషయమును నాటి శాసనకర్త గిట్టను చూచి తేల్చుకొమ్మనెను. రాజ్యము వధశాలను చూడకుండ కన్నులు మూసికొనరాదను సూత్రము మన నేలలో పుట్టినదే.

నేటి రాజ్యమునకు శాసనములు కొఱవడలేదు. 1992లో చేయబడిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంస్థలకు అప్పగించిన విధుల పట్టికలో వధశాలల నియంత్రణము 18వ అంశముగా స్పష్టముగా చేర్చబడియున్నది. 2001 నాటి వధశాలల నియమములు ప్రతి జీవమును కోతకు ముందు పశువైద్యుడు చూడవలెనని, ఒక వైద్యుడు గంటకు 12 జీవములకంటె, దినమునకు 96 జీవములకంటె మించి చూడరాదని, ఒక జీవము కంటబడునట్లు మఱియొకదానిని కోయరాదని, 18 ఏండ్లు నిండనివానిని, అంటురోగము గలవానిని వధశాలలో పనికి పెట్టరాదని శాసించినవి. 2006 నాటి ఆహారభద్రతా చట్టము క్రింద 2011లో వెలువడిన నియమములు మాంసపు దుకాణమునకు గోడ ఎట్లుండవలెనో, నేల ఎట్లు వాలవలెనో, ఈగలు రాకుండ నేమి చేయవలెనో, కత్తిని ఎట్లు శుద్ధిచేయవలెనో, వ్యర్థముల బుట్టకు మూత ఉండవలెనో లేదో వివరముగా చెప్పినవి. పనివారికి ఏటేట వైద్యపరీక్ష జరుగవలెను. టైఫాయిడు జాతి రోగములకు టీకాలు వేయవలెను. అమ్మకపు దుకాణములోపలనే జీవములను, పక్షులను కోయరాదు. ఇంత చక్కని శాసనమునకును, కూడలియందలి కఱ్ఱమొద్దునకును నడుమ ఇంత యగాధ మేల?

కారణము వెదుకబోయినచో నగరపటమును చూచిన చాలును. హైదరాబాదు కబేళాలుగా చిరకాలమునుండి పేర్కొనబడుచున్నవి జియాగూడ, అంబర్‌పేట, న్యూ భోయిగూడ, గౌలిపుర, రామ్నాస్‌పుర, చెంగిచర్ల. ఇవి పాతనగరమునకో, మధ్యభాగమునకో, తూర్పు కొసకో చెందినవి. గచ్చిబౌలి, కొండాపూరు, మియాపూరు, నల్లగండ్లలను గలుపుకొన్న పడమటి మహానగరపు పే రొక్కటియు నీ వరుసలో లేదు. చెంగిచర్ల నగరమునకు తూర్పు కొస. నల్లగండ్ల పడమటి కొస. పది జీవములను కోసికొను చిన్న వ్యాపారి నడిరేయి లేచి, ఊరు దాటి పోయి, వైద్యునిచే పరీక్ష చేయించి, శీతలపు బండిలో కళేబరములను దెచ్చుకొని తెల్లవాఱునప్పటికి దుకాణము తెఱువవలెననుట నీతివాక్యమగును గాని, ఆచరణకు వచ్చునది గాదు. కాబట్టి అతడు దుకాణము వెనుకనే కోయుచున్నాడు. చట్టము తప్పినవాడు అతడు. తప్పక తీరని స్థితిని గల్పించినది నగరము.

ఇందలి విపరీత మింకొకటి కలదు. దేశమంతటికిని మాంసశాస్త్రమును నేర్పు జాతీయ సంస్థ మన చెంగిచర్లలోనే యున్నది. 1999లో జాతీయ మాంస పరిశోధన కేంద్రముగా ఆరంభమై, నేడు జాతీయ మాంస పరిశోధన సంస్థ యని పిలువబడుచున్నది. పరిశుభ్రముగా కోయుట, నిలువచేయుట, కల్తీని కనిపెట్టుట అందలి శాస్త్రజ్ఞుల నిత్యకృత్యము. దీప మింటనే యున్నను, దాని వెలుగు నగరపు పడమటి వాకిటికి చేరలేదు.

పడమటి సీమలో కబేళా కట్టుటకు నేల యేది యని అధికారులు అడుగవచ్చును. నల్లగండ్లకు చేరువనున్న కోకాపేటలో 2023 ఆగస్టు వేలమున ఎకరము 100 కోట్ల రూపాయలకు పైగా పలికినది. ఆ నేలమీద ఆకాశహర్మ్యములు లేచును. వానిలో నివసించువారును ఆదివారము మాంసము తినుదురు. కొన్ని వేల కుటుంబములకు ఇండ్లను సంకల్పించినపుడు పాఠశాలకు, ఉద్యానమునకు, వాహనములకు చోటు కొలిచిపెట్టు పట్టణ నిర్మాతలు, వారి యాహారము సిద్ధమగు చోటును కొలువకుండుట యేమి? అట్టి కట్టడము మా వీధిలో వలదని నివాసులు పట్టుపట్టుట సహజమే. కాని కబేళాను కాదన్నంతమాత్రమున కోత ఆగదు. అది ఒక మూతగల శాలలో గాక, వారి వీధిలోని ముప్పది దుకాణముల వెనుక జరుగును. దాని నెత్తురు వారి వీధి కాలువలోనే పారును. వర్షము కురిసినపుడు నల్లగండ్ల చెఱువు వైపునకే నడచును.

ఈ యేవగింపు వెనుక మన సంఘపు పాతరోగ మొకటి దాగియున్నది. మాంసము కోయువానిని మనము ఏనాడును సాటి వృత్తికారునిగా నెంచలేదు. మన భాషలో కటికవాడు, కసాయివాడు అనునవి తిట్లు. కఠినహృదయుని వర్ణింపవలసిన ప్రతి కథకుడును ఆ పేర్లనే వాడును. ఆరెకటికలును, ఖురేషీలును తరతరములుగా ఈ వృత్తిని నమ్ముకొని నగరమునకు ఆహారమును సమకూర్చుచున్నారు. వారి చేతి మాంసము కావలెను. వారి పొరుగు మనకు వలదు. కన్ను చూడ నొల్లని చోటికి నీటి గొట్టము పోదు, కాలువ పోదు, అధికారి పోడు. మురికి అచ్చట పేరుకొనుట కిదియే మూలము. మన చులకనయే ఆ మొద్దుమీద మడ్డియై నిలిచినది.

మాంసపు మురికికి మొదట బలియగువాడు కొనువాడు కాడు, కోయువాడే. పశువులనుండి సోకు బ్రూసెల్లోసిస్ నెలల తరబడి జ్వరమును, కీళ్ళనొప్పులను కలిగించి, తఱచు మఱియొక జ్వరముగా పొరపాటు పడబడును. దొమ్మరోగము కోయువాని చేతి గాయమునుండియే లోపలికి పోవును. ధనుర్వాతపు భయము కత్తిగాటు తగిలినపుడెల్ల కలదు. ఇతనికి చేతితొడుగు నిచ్చినవా రెవరు? ఏటేట వైద్యపరీక్ష చేయించినవా రెవరు? కోళ్ళ దుకాణములలో ఈకలు తీయుచు నిలిచిన బాలుని బడికి పంపినవా రెవరు? శుభ్రత యనగానే దుకాణదారునికి జుల్మానా వేయుటయే మన అధికారులకు తోచును. నీళ్ళులేని గదిలో నిలువబెట్టి చేతులు కడుగుకొనలేదని దండించుట న్యాయము కాదు. మొదట కొళాయి, పిమ్మట జుల్మానా.

మతము అడ్డువచ్చునని కొందఱు శంకింతురు. ఆ శంకకు ఆధారము లేదు. కత్తి పదునుగా నుండవలెనని, జీవమునకు కత్తిని చూపరాదని, నెత్తురు పూర్తిగా కారవలెనని ఇస్లామీయ సంప్రదాయము విధించుచున్నది. పరిశుభ్రతను విశ్వాసములో భాగముగా నెంచుచున్నది. మన స్మృతులు శౌచమును ధర్మలక్షణములలో చేర్చినవి. కోతపద్ధతి ఏదైనను, దాని పిమ్మట చేతిని, కత్తిని, నేలను కడుగవలదని చెప్పిన మతము లేదు. ఈ విషయమును మతకలహమునకు సాధనముగా వాడుకొనువారు ప్రజల ఆరోగ్యమునకును, దేశపు ఐకమత్యమునకును గూడ ద్రోహులు.

వ్యర్థముల సంగతి ఇంకను దారుణమైనది. ప్రేవులు, ఈకలు, తోలుముక్కలు సంచులలో గట్టి రాత్రివేళ ఖాళీస్థలములలోను, చెఱువు గట్టులమీదను విసరుట నగరపు శివారులన్నిట కలదు. వీధికుక్కలు ఆ దిబ్బలచెంత గుంపులు గట్టును. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు కరచి చంపిన ఘోరమును పాఠకులు మఱచియుండరు. ఆ పిమ్మట ప్రభుత్వము చేసిన సూచనలలో మాంసపు దుకాణముల వ్యర్థములను అరికట్టుట గూడ నొకటి. కుక్క కాటొక్కటియే గాదు భయము. రోగముగల గొఱ్ఱె కాలేయమును, ఊపిరితిత్తులను తిన్న కుక్క కడుపులో ఒక చిన్న బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు కుక్క మలముతో మట్టిలోనికి, ఆకుకూరలమీదికి, ఆటలాడు పిల్లల చేతులకు చేరును. మనుష్యుని కాలేయమున నీటిబుడ్డలవంటి తిత్తులు పుట్టి, ఏండ్లు గడచిన పిమ్మట శస్త్రచికిత్సకు దారితీయును. మాంసము ముట్టని శాకాహారియు ఈ రోగమునుండి తప్పించుకొనలేడు. కావున ఇది తినువారి గొడవ, మాకేమి యని ఎవరును చేతులు దులుపుకొనుటకు వీలులేదు.

ఇతర దేశములును ఈ త్రోవనే నడచి వచ్చినవి. పారిసు నగరమున ఇండ్లచెంతను, వీధులలోను సాగిన కోతను మాన్పుటకు నెపోలియను 1810లో ప్రజావధశాలలను నిర్మింప నాజ్ఞాపించెను. 1818లో అవి తెఱువబడినవి. అమెరికాలో అప్టన్ సింక్లెయిర్ చికాగో మాంసపు కర్మాగారముల దుస్థితిని నవలగా 1906లో వెలువరింపగా దేశమంతయు నుడికిపోయి, ఆ సంవత్సరమే మాంసపరీక్షా శాసనము పుట్టినది. కాని ఆ రచయిత తలపెట్టినది కార్మికుల కడగండ్లను లోకమునకు చూపుట. లోకము తన పళ్ళెమును చూచుకొని భయపడినదే గాని, కార్మికుని చూచి కరగలేదని అతడు తరువాత వగచెను. ఆ లోపము మన సంస్కరణమున జరుగకుండుగాక. తినువాని క్షేమమును, కోయువాని క్షేమమును ఒక్కటిగా భావించి నడచినచో రెండును సిద్ధించును.

మన దేశములో కనుపించు క్రొత్త ధోరణి దీనికి విరుద్ధముగా నున్నది. స్థితిపరులు దూరవాణిలో నొక మీట నొక్కి, శీతలపు పెట్టెలో భద్రపఱచి పొట్లముగట్టిన మాంసమును ఇంటికి దెప్పించుకొని తమ బాధ తీఱినదనుకొనుచున్నారు. తప్పుగాదు. కాని ఆ భవనములోనే పాచిపని చేయు స్త్రీయు, కావలివాడును, వాహనచోదకుడును, ప్రక్కనే క్రొత్త భవనమునకు ఇటుకలు మోయు కూలివాడును కొనునది వీధి దుకాణమున. నోరుగలవారు తప్పుకొనిన చోట నోరులేనివారు మిగులుదురు. అధికారి నడుగువా రుండరు. 2024 వేసవినుండి ఆహారభద్రతాధికారులు భోజనశాలలపై జరిపిన తనిఖీలు పత్రికల కెక్కినవి. ఆ అక్టోబరున కల్తీ ఆహారమునకు ఒక స్త్రీ బలికాగా, పచ్చిగ్రుడ్డుతో చేయు మయోనైజును ఒక సంవత్సరము నిషేధించిరి. మరణము సంభవించిన పిమ్మట మేలుకొనుట మన పాలనకు అలవాటైనది. భోజనశాల వంటయింటికి వచ్చిన అధికారి, ఆ వంటయింటికి మాంసము వచ్చిన త్రోవను వెనుకకు నడచి చూడవలెను.

ఏమి చేయవలెనో స్పష్టమే. పడమటి సీమకు, శేరిలింగంపల్లి ప్రాంతమున, చిన్నదైనను సక్రమమైన యొక ప్రజావధశాలను కట్టవలెను. దానికి వైద్యుడు, వేడినీరు, వ్యర్థజలమును శుద్ధిచేయు యంత్రము, ముద్ర యుండవలెను. అచ్చటినుండి దుకాణములకు కళేబరములను చేర్చు శీతలపు బండ్లను సంస్థయే నడిపి, స్వల్పరుసుము పుచ్చుకొనవచ్చును. అది పూర్తియగు వఱకు ప్రతి దుకాణమునకు కొళాయి, మూతబుట్ట, తోమి కడుగదగిన కోతపలక, రెండు కత్తులు ఉన్నవో లేవో చూచి, లేనివారికి గడువిచ్చి, సులభమైన అప్పు ఇప్పింపవలెను. చర్మము, ప్రేవులు ముట్టిన కత్తి ఒకటి, ముక్కలు కొట్టు కత్తి ఒకటి. ఈ చిన్న నియమము ఖర్చులేనిది. దీనివలననే సగము రోగము తగ్గును. వ్యర్థములను ప్రతిరాత్రి దుకాణము వాకిటనే తీసికొనిపోవు బండి యుండవలెను. చెంగిచర్ల సంస్థ శాస్త్రజ్ఞులచేత ఆరెకటిక, ఖురేషీ సంఘముల పెద్దల సమక్షమున తెలుగునను, ఉర్దూలోను శిక్షణ యిప్పించి, శిక్షణ పొందినవాని దుకాణమునకు పలక వ్రేలాడదీయవలెను. ఏటేట వైద్యపరీక్షను సంస్థయే ఉచితముగా చేయింపవలెను. తనిఖీ ఫలితమును దుకాణము వాకిట అందఱకు కనబడునట్లు వ్రాయింపవలెను. ఇన్ని ఏర్పఱచిన పిమ్మట తప్పినవానిని నిర్దాక్షిణ్యముగా దండింపవచ్చును.

పాలకులతోపాటు మన పాఠకులకును ఇందు పాలు కలదు. నల్లగండ్ల మొదలు తెల్లాపూరు వఱకు రోడ్డుప్రక్క దుకాణపు గదులు చాలవఱకు ఆ గ్రామముల పాత భూస్వాములవి, లేదా వారివద్ద కొన్న పట్టణవాసులవి. నెలనెల అద్దె పుచ్చుకొను యజమాని మాంసపు దుకాణమునకు గది యిచ్చునపుడు, అందు కొళాయియు, వాలుగల నేలయు, కాలువయు అమర్చి యిచ్చుట అతని ధర్మము. రెండు నెలల అద్దెతో తీఱు పని కొన్ని వేలమంది ఆరోగ్యమును కాచును. నివాసుల సంఘములవారు ఈత కొలనును గుఱించి, వాహనముల చోటును గుఱించి అర్జీలు వ్రాసినంత శ్రద్ధతో వధశాలను గుఱించియు నొక అర్జీ వ్రాయవలెను. కొనువారు ముద్ర యేది యని అడుగవలెను. వందమంది అడిగిన ప్రశ్న ఒక అధికారి హెచ్చరికకంటె బలవత్తరము.

1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు వచ్చిన గాంధీజీ అచ్చటి మరుగుదొడ్ల దుస్థితిని స్వచ్ఛందసేవకులకు చూపగా, అది తమ పని కాదని వారు బదులు చెప్పిరట. ఆయన చీపురు దెప్పించుకొని తానే శుభ్రము చేసెను. స్వరాజ్యమునకు మొదటి పాఠము అదియే. మురికి ఎవరిదో, పని ఎవరిదో పంచుకొను జాతి పరపాలనను పోగొట్టుకొన్నను, స్వపాలనను సంపాదింపలేదు. ఎకరము నూఱు కోట్లకు అమ్ముకొనగల నగరము, తన ప్రజలకు శుద్ధమైన మాంసమును, దానిని కోయువానికి శుద్ధమైన నీటిని ఇయ్యలేకపోయినచో ఆ సంపద కర్థము లేదు. వచ్చు వర్షకాలమునకు ముందే పడమటి వధశాలకు స్థలనిర్ణయము చేసి, దుకాణములకు నీటి గొట్టములు వేయించి పురపాలకులు తమ విధిని నెఱవేర్తురు గాక. నెఱవేర్చువఱకు ప్రజలు అడుగుట మానకుందురు గాక.